సగం ముక్కలు చూసి ఇచ్చే మాట: 28 ఆట నేర్చుకునేవారికి

పేక పట్టడం వచ్చిన తెలుగువారిలో ఎక్కువమందికి మొదట అలవడేది రమ్మీ కాబట్టి, ఎవరి ముక్కలు వారు సర్దుకుని ఎవరి ఆట వారు ముగించుకోవడమే పేకాట స్వభావమన్న అభిప్రాయం వారిలో సహజంగానే స్థిరపడుతుంది. అటువంటివారు ఉద్యోగరీత్యానో, గల్ఫు దేశాల్లో ఒకే గదిలో బస చేయడం వల్లనో కేరళ మిత్రులతో కలిసి 28 ఆటకు కూర్చున్నప్పుడు నియమాల దగ్గర పెద్దగా ఇబ్బంది పడరు. అవి ఒక సాయంత్రంలో వంటబడతాయి. చేతికి నాలుగే ముక్కలు వచ్చి, మిగతా నాలుగూ ఏమిటో ఇంకా తెలియని దశలో, తమ జట్టు ఇన్ని పాయింట్లు తెస్తుందని అందరి ముందూ మాట ఇవ్వవలసి వచ్చినప్పుడే గొంతు పెగలదు. కొందరు ప్రతిసారీ 'పాస్' అని తప్పుకుంటారు. మరికొందరు రెండు జాకీలు కనబడగానే 20 దాకా ఎగబాకి జోడీని ముంచుతారు. ఈ రెండు అలవాట్లకూ మూలం ఒక్కటే: పాట పాడటాన్ని, అంటే అలా మాట ఇవ్వడాన్ని, ధైర్యానికి సంబంధించిన విషయంగా భావించడం. నిజానికి అది లెక్కకూ, ఎదురుగా కూర్చున్న జోడీ మీద ఉంచవలసిన నమ్మకానికీ సంబంధించినది. ఆ రెండూ పుట్టుకతో రావలసినవి కావు, సాధన చేసిన ఎవరికైనా అబ్బేవే.

మలయాళంలో ఇరుపత్తెట్టు అని పిలిచే ఈ ఆట ఒంటరిది కాదు, దీనికి పెద్ద కుటుంబమే ఉంది. ఆరుగురు రెండు పేకలతో ఆడే 56 దీని పెద్ద రూపం. బెంగాల్, బంగ్లాదేశ్, నేపాల్ ప్రాంతాల్లో ఆడే 29, శ్రీలంకలో ప్రసిద్ధమైన 304 దీనికి దగ్గరి బంధువులు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా తరలివెళ్లినవారిలో తమిళులతోపాటు తెలుగువారూ చాలామంది ఉండగా, వారి సంతతి డర్బన్ పరిసరాల్లో నేటికీ ఆడుతున్న తునీ కూడా ఈ కుటుంబానికి చెందినదే. జాకీ అన్నిటికంటే పెద్ద ముక్కగా, తొమ్మిది దాని తరువాతి ముక్కగా నిలవడం ఈ ఆటలన్నిటిలోనూ కనిపించే పోలిక. నెదర్లాండ్స్‌లో ఆడే క్లావర్‌యాస్‌లో ఈ వరుస మిగతా జాతులను కొట్టగల తురుపు జాతి ఒక్కదానికే పరిమితం కాగా, 28లో నాలుగు జాతులకూ వర్తిస్తుంది.

ఆట స్వరూపం

నలుగురు ఆడే ఈ ఆటలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిద్దరు ఒక జట్టు. మామూలు పేకలోంచి రెండు నుంచి ఆరు వరకు ఉన్న ముక్కలను తీసి పక్కన పెట్టగా మిగిలిన 32 ముక్కలతో, అంటే ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు జాతుల్లో ఒక్కొక్కదానిలో ఎనిమిదేసి ముక్కలతో ఆట సాగుతుంది. ముక్కల వరుస పెద్దదాని నుంచి చిన్నదానికి ఇలా ఉంటుంది: జాకీ, తొమ్మిది, ఆసు, పది, రాజు, రాణి, ఎనిమిది, ఏడు. జాకీకి 3 పాయింట్లు, తొమ్మిదికి 2, ఆసుకూ పదికీ ఒక్కొక్కటి చొప్పున లెక్క. రాజు, రాణి, ఎనిమిది, ఏడు ముక్కలకు పాయింట్లు లేవు. ఆ విధంగా జాతికి 7 పాయింట్లు, నాలుగు జాతులకూ కలిపి 28 అవుతాయి. ఆటకు ఆ పేరు వచ్చింది అందువల్లనే.

పంపకమూ ఆటా కుడిచేతి వైపుకు తిరుగుతాయి. మొదట ఒక్కొక్కరికి నాలుగు ముక్కలు పంచుతారు. పంచినవారి కుడిపక్క ఉన్నవారు 14కు తగ్గకుండా పాట మొదలుపెట్టాలి. తరువాతివారు అంతకంటే ఎక్కువ పాడవచ్చు లేదా పాస్ అనవచ్చు. చివరికి హెచ్చుపాట ఎవరిదైతే వారు పాటదారు అవుతారు, అంటే పాడిన పాయింట్లను తన జట్టు తేవాలన్న బాధ్యత వారిది. పాటదారు తనకు నచ్చిన జాతిని తురుపుగా, అంటే మిగతా జాతులను కొట్టగల జాతిగా, మనసులో నిర్ణయించుకుని ఆ జాతి ముక్క ఒకటి బల్ల మీద బోర్లా పెడతారు. ఆ తరువాతే మిగతా నాలుగేసి ముక్కలు పంచుతారు.

ఒకరు ముక్క వేయగా మిగతా ముగ్గురూ వరుసగా ముక్కలు వేయడాన్ని ఒక పట్టు అంటే, మొత్తం ఎనిమిది పట్లు ఉంటాయి. మొదట పడిన జాతి ముక్క చేతిలో ఉంటే అదే వేయాలి, లేకపోతే వేరే ముక్క వేయవచ్చు, లేదా తురుపు తెరవమని అడగవచ్చు. అడిగితే పాటదారు బోర్లా ఉన్న ముక్కను తిప్పి చూపిస్తారు. అడిగినవారి చేతిలో ఆ జాతి ఉంటే ఆ పట్టులో అది వేయవలసిందే. తురుపు తెరుచుకునేదాకా ఆ జాతి ముక్కలకు ప్రత్యేక బలం ఏమీ ఉండదు, పాటదారు కూడా వేరే జాతి చేతిలో ఉండగా తురుపు జాతితో పట్టు మొదలుపెట్టకూడదు. 28ని చాలా పేకాటల నుంచి వేరు చేసేది ఈ నియమమే: బలం ఉన్నది ఎక్కడో ఒక్కరికి తెలుసు, మిగతా ముగ్గురూ ఊహించాలి.

పాటకు ముందు వేయవలసిన లెక్క

నాలుగు ముక్కలు చూసి ఎంత పాడాలన్న ప్రశ్నకు చాలామంది చెప్పే సమాధానం అనుభవం మీద తెలుస్తుందని. అది అబద్ధం కాదు కాని, కొత్తవారికి ఆ మాట వల్ల ఒరిగేది ఏమీ లేదు. వారికి కావలసింది మొదటి రోజు నుంచే ఆధారపడగల ఒక కొలత, ఆ కొలత ఈ ఆట నిర్మాణంలోనే ఉంది.

పాట సమయానికి ఆటగాడికి కనబడనివి 28 ముక్కలు. వాటిలో నాలుగు తన చేతికే రాబోతున్నాయి, ఎనిమిది జోడీవి, మిగిలిన పదహారూ ఎదుటి జట్టువి. అంటే కనబడని ముక్కల్లో ఏడింట మూడు వంతులు సొంత జట్టుకు వస్తాయి. కాబట్టి చేతిలో ఉన్న నాలుగు ముక్కల పాయింట్లను కూడి, 28లోంచి తీసివేయగా మిగిలిన పాయింట్లలో ఏడింట మూడు వంతులను దానికి కలిపితే, సగటున ఎనిమిదేసి ముక్కలూ చేరాక జట్టు చేతుల్లో ఉండబోయే పాయింట్లు తెలుస్తాయి. చేతిలో 3 ఉంటే ఆ సగటు 14కు కాస్త తక్కువ; 4 ఉంటే 14కు కాస్త ఎక్కువ; 6 ఉంటే దాదాపు 15న్నర; 9 ఉంటే 17. ఇంత గుణింపు బల్ల దగ్గర వేయనక్కరలేదు, ఈ నాలుగు మెట్లూ గుర్తుంటే చాలు.

చేతిలో ఉన్న పాయింట్లన్నీ చివరికి ఇంటికి చేరతాయా? చేరవు. ఎదుటివారి జాకీ కింద పడిన తొమ్మిది వారిదే అవుతుంది. అందువల్ల పై లెక్కను ముక్కల బలంతో సవరించుకోవాలి. ఆ సవరణకు కొన్ని సూచనలు ఇవి.

1. తురుపు జాకీ చేతిలో ఉందా లేదా అన్నది మొదట చూడవలసిన విషయం. లేనప్పుడు అది మిగతా నాలుగు ముక్కల్లో తనకే వచ్చే అవకాశం ఏడింట ఒకటి, జోడీ దగ్గర ఉండే అవకాశం ఏడింట రెండు, ఎదుటివారి దగ్గర ఉండే అవకాశం ఏడింట నాలుగు. తొమ్మిది, ఆసు, పది మూడూ ఒకే జాతివి వచ్చాయని మురిసిపోయి 18 పాడేవారు ఈ ఏడింట నాలుగును మరచిపోతారు.

2. తురుపుకు పెద్ద ముక్కతోపాటు సంఖ్య కూడా ముఖ్యం. మొదటి నాలుగింటిలో మూడు ఒకే జాతివైతే, రాబోయే నాలుగింటిలో ఆ జాతిది కనీసం ఒక్కటైనా వచ్చే అవకాశం సగానికి కాస్త పైనే ఉంటుంది. నాలుగు తురుపులు చేరిన చేతిని ఎదుర్కోవడం ఎవరికైనా కష్టమే.

3. తురుపు కాని జాకీ కూడా మొదటి చుట్టులో దాదాపు ఖాయమైన పట్టే. దానితోపాటు పడే మూడు ముక్కల్లో సగటున ఒకటిన్నరకు పైగా పాయింట్లు ఉంటాయి కాబట్టి, ఒక్కొక్క జాకీని నాలుగు, ఐదు పాయింట్ల పట్టుగా లెక్క కట్టవచ్చు.

4. ఆసును చూసి మోసపోకూడదు. మిగతా ఆటల అలవాటుతో ఆసు, రాజు, రాణి, పది ఒకే జాతివి వరుసగా కనబడితే అది గొప్ప చెయ్యిగా తోస్తుంది; ఈ ఆటలో దాని విలువ రెండే పాయింట్లు, పైగా దానిని కొట్టగల జాకీ, తొమ్మిది రెండూ బయటే ఉన్నాయి. రమ్మీ, బ్రిడ్జి ఆటల నుంచి వచ్చినవారు చేసే పొరపాట్లలో అన్నిటికంటే సాధారణమైనది ఇదే.

5. గెలుపోటముల వెల కూడా పాటలో భాగమే. చాలాచోట్ల పాట నెగ్గితే వచ్చేదానికంటే తప్పితే పోయేది ఎక్కువ. నెగ్గితే 1, తప్పితే 2 అన్న వాడుక ఉన్న బల్ల దగ్గర మూడింట రెండుసార్లు నెగ్గినప్పుడే లెక్క సరికి సరి అవుతుంది. అవకాశం సగం సగంగా ఉన్నప్పుడు 'చూద్దాం' అనుకుని పాట పెంచేవారు పది చేతులు తిరిగేసరికి సాధారణంగా నష్టపోతారు.

6. పాట ముగిశాక బోర్లా పెట్టే ముక్కగా, తురుపు జాతిలో తన దగ్గర ఉన్నవాటిలో చిన్నదాన్నే ఎంచుకోవడం మంచిది. జాకీని బోర్లా పెడితే, తురుపు తెరవకముందే ఎదుటివారు ఆ జాతి వేసినప్పుడు, ఆ పట్టును గెలవగలిగిన ముక్క చేతిలో లేకుండా పోతుంది.

పాట జోడీతో మాట్లాడే ఏకైక సక్రమ మార్గం కూడా. తొలిపాట 14తో ఆగినవారు తప్పనిసరై పాడారేమో అనిపిస్తుంది. ఎవరూ ఒత్తిడి చేయకుండానే 16 అన్నవారు తమ దగ్గర ఒక జాతి బలంగా ఉందని చెబుతున్నట్టే. పెద్ద ఆటయిన 56లో పాట చెప్పే మాటల వరుసలోనే జోడీకి అర్థమయ్యే సంకేతాలు అందరి అంగీకారంతో స్థిరపడి ఉన్నాయి. 28లో అంత ఏర్పాటు లేకపోయినా, పాట పెరిగిన తీరును వినేవారికి చాలా తెలుస్తుంది. తమ జోడీ పాట మీద తామే పాట పెంచేవారు ఈ సంభాషణను చెడగొడతారు. చాలా బల్లల దగ్గర జోడీని మించి పాడాలంటే 20కి తగ్గకూడదన్న కట్టుబాటు ఉంది, అది ఎంతో వివేకమైన కట్టుబాటు.

ఒక చెయ్యి, మొదటి నుంచి చివరి దాకా

సూత్రాలు ఎన్ని చెప్పినా ఒక్క చెయ్యి పూర్తిగా పరిశీలిస్తే కలిగే అవగాహన వేరు కాబట్టి, నలుగురు ఆటగాళ్లనూ దిక్కుల పేర్లతో పిలుచుకుని ఒక ఉదాహరణను చూడటం అవసరం. దక్షిణం, ఉత్తరం ఒక జట్టు; తూర్పు, పడమర మరొకటి. ముక్కలు పంచింది పడమర, కనుక మొదట పాడవలసిందీ మొదటి ముక్క వేయవలసిందీ దక్షిణం. ఆట దక్షిణం నుంచి తూర్పుకు, అక్కడి నుంచి ఉత్తరానికి, ఆపై పడమరకు తిరుగుతుంది.

దక్షిణానికి వచ్చిన మొదటి నాలుగు ముక్కలు ఆఠీను జాకీ, ఆఠీను తొమ్మిది, ఆఠీను ఏడు, కళావరు ఆసు. మొత్తం 6 పాయింట్లు, సగటు లెక్క పదిహేనున్నర, తురుపులో పై రెండు ముక్కలూ సొంతం. 14తో మొదలుపెట్టగా తూర్పు 15 పాడింది, ఉత్తరమూ పడమరా పాస్ అన్నాయి, దక్షిణం 16కు పెంచింది, తూర్పు తప్పుకుంది. దక్షిణం ఆఠీను ఏడును బోర్లా పెట్టింది. రెండవ పంపకంలో ఇస్పేటు జాకీ, ఇస్పేటు ఎనిమిది, డైమను రాజు, కళావరు ఏడు వచ్చాయి.

మొదటి పట్టులో దక్షిణం ఇస్పేటు జాకీ వేసింది. తూర్పు రాజు వేసి పాయింటు దాచుకుంది. ఉత్తరం చేతిలో ఇస్పేటు తొమ్మిది, పది రెండూ ఉన్నాయి. పట్టు తన జోడీదేనని తెలుసు కనుక పాయింటు ఉన్న ముక్క వేయడం సరైనదే, కాని ఏది వేయాలి? ఉత్తరం పది వేసి తొమ్మిదిని అట్టిపెట్టుకుంది. పడమర రాణి వేసింది. జట్టుకు 4 పాయింట్లు.

రెండవ పట్టులో దక్షిణం, తురుపుతో మొదలుపెట్టే వీలు లేదు కనుక, తన దగ్గర ఒంటరిగా ఉన్న డైమను రాజును వదిలించుకుంది. తూర్పు డైమను జాకీతో కొట్టింది, ఉత్తరం ఎనిమిది వేసింది, పడమర తన జోడీ పట్టుకు తొమ్మిదిని అందించింది. ఎదుటి జట్టుకు 5.

మూడవ పట్టులో తూర్పు తొందరపడింది. డైమను జాకీ, తొమ్మిది వెళ్లిపోయాయి కాబట్టి ఆసుదే పట్టు అనుకుని అది వేసింది. పాయింటు లేని రాజును పాటదారు తనంత తాను ముందుకు తోసినప్పుడు, ఆ జాతి అతని దగ్గర అయిపోయి ఉంటుందేమోనన్న అనుమానం రావలసింది. ఉత్తరం రాణి, పడమర పది వేశాక, చివర ఉన్న దక్షిణం తురుపు తెరిచి ఆ ఆఠీను ఏడుతోనే పట్టును కొట్టింది. 2 పాయింట్లు వచ్చాయి. అంతకంటే విలువైనదేమిటంటే తురుపు తెరుచుకుంది, ఇక ఆఠీనుతో పట్టు మొదలుపెట్టడానికి అడ్డు లేదు.

నాలుగవ పట్టులో ఆఠీను జాకీకి తూర్పు ఎనిమిది, ఉత్తరం ఆసు, పడమర రాజు వేయగా 4 వచ్చాయి. ఐదవ పట్టులో ఆఠీను తొమ్మిదికి తూర్పు గత్యంతరం లేక పది వేసింది, ఉత్తరం రాణి వేసింది, ఆ జాతి అయిపోయిన పడమర కళావరు ఎనిమిదిని పారేసింది, మరో 3. అప్పటికి జట్టుకు 13 వచ్చాయి, ఇంకా 3 కావాలి. దక్షిణం చేతిలో మిగిలినవి కళావరు ఆసు, కళావరు ఏడు, ఇస్పేటు ఎనిమిది.

ఇక్కడ దక్షిణం ఆలోచించవలసింది ఏమిటి? మిగిలిన 10 పాయింట్లలో కళావరు జాతిలో 7, ఇస్పేటు తొమ్మిది, ఆసులలో 3 ఉన్నాయి. కళావరు జాకీ, తొమ్మిది రెండూ బయట ఉన్నాయి కనుక ఆ జాతిని తాకడం ప్రమాదం. ఇస్పేటులో, తన జాకీ కింద ఉత్తరం పది వేసిన సంగతి గుర్తుంటే, దాని వెనుక తొమ్మిది దాగి ఉండవచ్చునన్న ఆశకు ఆధారం ఉంది. దక్షిణం ఆరవ పట్టులో ఇస్పేటు ఎనిమిది వేసింది. తూర్పు దగ్గర ఆ జాతిలో ఆసు ఒక్కటే మిగిలింది, వేయక తప్పలేదు. ఉత్తరం తొమ్మిదితో దాన్ని కొట్టింది. పడమర ఏడు వేసింది. సరిగ్గా 3 పాయింట్లు, మొత్తం 16, పాట నెగ్గింది.

ఇప్పుడు మొదటి పట్టుకు తిరిగి వెళ్లి, ఉత్తరం పదికి బదులు తొమ్మిది ఇచ్చి ఉంటే ఏమయ్యేదో చూడాలి. ఆ పట్టులో 4కు బదులు 5 వచ్చేవి, చూడటానికి లాభమే. కాని ఆరవ పట్టులో ఉత్తరం దగ్గర మిగిలేది పది. తూర్పు ఆసు దాన్ని మింగేది. ఆ తరువాత తూర్పు కళావరు జాకీతో ఒక పట్టు, ఎవరి దగ్గరా జాతి మిగలని డైమను ఏడుతో చివరి పట్టు తీసుకునేది. జట్టు 14 దగ్గరే ఆగిపోయేది. ఒక్క పాయింటు ఎక్కువ వస్తుందని ముందే తొమ్మిదిని ఇచ్చేసినందుకు పాట తప్పేది. జాకీ వెళ్లిపోయిన క్షణం నుంచి ఆ జాతికి తొమ్మిదే రాజ్యమేలుతుందన్న గ్రహింపు ఈ ఆటలో నేర్చుకోదగిన అత్యుత్తమ విద్యల్లో ఒకటి.

ఆటలో పడే తప్పులు, దిద్దుకునే తీరు

1. తురుపు తెరవమని అడగడానికి ఆత్రపడటం. పడిన జాతి చేతిలో లేదని తెలియగానే ఎదుటి జట్టువారు తురుపు అడిగేస్తారు. అడిగినవారి దగ్గర తురుపు జాతి లేకపోతే పట్టూ రాదు, పాటదారుకు మాత్రం తురుపుతో ఆడే స్వేచ్ఛ ఉచితంగా దొరుకుతుంది. బల్ల మీద జాకీయో తొమ్మిదో పడి, పట్టు విలువ నాలుగైదు పాయింట్లు ఉన్నప్పుడు అడగడంలో అర్థం ఉంది; ఏడూ ఎనిమిదీ పడిన పట్టు కోసం అడగడంలో లేదు. పట్టు అప్పటికే జోడీది అయితే అడగనే కూడదు, ఎందుకంటే అడిగాక తురుపు చేతిలో ఉంటే జోడీ ముక్కను తానే కొట్టవలసి వస్తుంది.

2. ఎదుటి జట్టుకు కావలసిన సంఖ్యను లెక్కించకపోవడం. 28లోంచి పాటను తీసివేసి ఒకటి కలిపితే, పాట తప్పించడానికి కావలసిన పాయింట్లు తెలుస్తాయి: 16 పాటకు 13, 17 పాటకు 12, 20 పాటకు 9. ఆ సంఖ్య మనసులో లేనివారు గెలిచిన తరువాత కూడా అనవసరంగా పెద్ద ముక్కలు ఖర్చు చేస్తారు, ఓడబోతున్న దశలో పెద్ద ముక్క దాచుకుంటారు.

3. 32 ముక్కలూ గుర్తుపెట్టుకోవాలని ప్రయత్నించి, కుదరక, అసలు లెక్కే మానేయడం. కొత్తవారికి అంత భారం అక్కరలేదు. నాలుగు జాకీలు, నాలుగు తొమ్మిదులు కలిపి ఎనిమిదే ముక్కలు, వాటిలోనే 28కి 20 పాయింట్లు ఉన్నాయి. మొదటి నెల ఈ ఎనిమిదింటిలో ఏవి వెళ్లాయో, ఏవి మిగిలాయో గమనించడం చాలు. అది అలవాటయ్యాక ఆసులు, పదులు వాటంతట అవే లెక్కలోకి వస్తాయి.

4. పాయింటు ముక్కను ఎవరి పట్టులో వేస్తున్నామో చూడకపోవడం. పట్టు ఖాయంగా జోడీదైతే ఆసు, పది ఇవ్వాలి. ఎదుటివారిదైతే రాజు, రాణి, ఎనిమిది, ఏడులతో సరిపెట్టాలి. ఎవరిదో తేలనప్పుడు, తన తరువాత ఆడవలసినవారు ఎదుటి జట్టువారా కాదా అని చూసుకోవాలి. చివర ఆడేవారికి ఉన్న సౌలభ్యం మధ్యలో ఆడేవారికి ఉండదు.

5. చెయ్యి ముగియగానే జోడీని నిలదీయడం. 'ఆ పది ఎందుకు వేశావు' అన్న ప్రశ్న నేర్చుకోవడానికి అడిగితే ఉపయోగకరమే, తప్పు మోపడానికి అడిగితే మరుసటి చేతిలో జోడీ పాడటమే మానేస్తుంది. సగం తెలిసిన స్థితిలో తీసుకున్న నిర్ణయాన్ని, అన్ని ముక్కలూ కనబడిన తరువాత తూచడం న్యాయం కాదు. మంచి లెక్కతో పాడిన పాట తప్పిపోవచ్చు, గుడ్డిగా పాడినది నెగ్గిపోనూ వచ్చు, దిద్దుకోవలసింది లెక్కనే.

కళ్లతో, దగ్గుతో, ముక్క పట్టుకునే తీరుతో జోడీకి సైగ చేయడం కొన్ని బల్లల దగ్గర చమత్కారంగా చెలామణి అవుతున్నా, అది ఆటను పాడుచేసే పనే. దొరకని సమాచారం కోసం ఊహించడంలోనే ఈ ఆట అందమంతా ఉంది, దాన్ని దొంగచాటుగా తెచ్చుకుంటే మిగిలేది ఏమిటి? డబ్బు పందెం విషయంలోనూ ఇదే మాట చెప్పాలి. ఓడిన జట్టు చెవులకు కుణుక్కు, అంటే చెవి ఆభరణం లాంటిది, తగిలించి కూర్చోబెట్టే వినోదపు శిక్ష కేరళలో చిరకాలంగా ఉంది. పైసా చేతులు మారకుండానే గంటల తరబడి పౌరుషంగా ఆడించగల ఆటకు పందెం తోడు చేయడం అనవసరం, హానికరం కూడా.

సాధన క్రమం

ఊరూరికీ, బల్లబల్లకీ నియమాల్లో చిన్న తేడాలు ఉన్నందున, కొత్తచోట కూర్చునే ముందు నాలుగు సంగతులు అడిగి తెలుసుకోవాలి: కనీస పాట ఎంత, జోడీని మించి పాడవచ్చా, రెండవ పంపకం తరువాత పాట పెంచే అవకాశం ఉందా, పాట తప్పితే ఎంత పోతుంది. అడగడానికి సంకోచించనవసరం లేదు. ఏళ్ల తరబడి ఆడినవారు కూడా పరాయి బల్ల దగ్గర మొదట అడిగేది ఇవే.

తోడు దొరకనివారు కూడా ఒంటరిగా సాధన చేయవచ్చు. 32 ముక్కలను కలిపి నాలుగు ముక్కలు తీసుకుని, వాటి పాయింట్లు కూడి, ఏ జాతి తురుపు, ఎంత పాట అన్నది కాగితం మీద రాసుకోవాలి. ఆ తరువాత తన మిగతా నాలుగూ, జోడీకి ఎనిమిదీ పంచి, రెండు చేతులనూ తెరిచి, జట్టుకు నిజంగా వచ్చిన పాయింట్లను తాను రాసిన సంఖ్యతో పోల్చాలి. ఇలా ఒక సాయంత్రం ఇరవై ముప్పై చేతులు తిరగేస్తే, తన అంచనా ఎప్పుడూ ఎక్కువగా ఉంటోందా తక్కువగా ఉంటోందా అన్నది కాగితమే చూపిస్తుంది. భయపడి పాస్ అనేవారికి తాము వదులుకున్న చేతుల్లో ఎన్ని 16 దాటాయో అక్కడ కనబడుతుంది.

నలుగురు కొత్తవారే కలిసి నేర్చుకుంటున్నప్పుడు, మొదటి రెండు మూడు రోజులు పాట లేకుండా ఎనిమిది ముక్కలూ పంచి పట్లు గెలవడం మాత్రమే ఆడాలి. ఆ తరువాత పాట చేర్చి, తురుపును మాత్రం అందరికీ కనబడేలా పెట్టుకోవాలి. జాకీ, తొమ్మిది ముందు, ఆసు వెనుక అన్న వరుస తడుముకోకుండా వస్తున్నదని నలుగురికీ నమ్మకం కుదిరిన రోజున తురుపు ముక్కను బోర్లా తిప్పాలి.